గడ్డి చిమ్మట మొహం

మూతపడిన స్టూడియో మీది గది,
తొలివానలు పడ్డ మూడో వారం

తమ్ముడూ, లేబుల్ గారూ,

ఫోన్లో మాట్లాడుకుంటే రెండో నిమిషానికే పోట్లాడుకుంటున్నాం కాబట్టి ఇకమీదట ఉత్తరాలే అని పోయిన నెల నువ్వే తీర్మానించావు. సరే, రాస్తున్నా. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. ఈ సుఖం ఇన్నాళ్లూ తెలియక పోగొట్టుకున్నాను.

స్టూడియో షట్టర్ దించేసి రెండు నెలలైంది. అందరి చేతుల్లోనూ ఫోన్లుంటే మన దగ్గరికి ఎవరొస్తారు? ఓనరు వెళ్తూ వెళ్తూ కెమెరా, కంప్యూటరు, మేఘాలూ మెట్లూ వేసిన పాత బ్యాక్‌గ్రౌండ్ తెరా నాకు వదిలేశాడు. "ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల మొహాలన్నీ బాగుచేశావమ్మా, ఇక నీ కాలక్షేపానికి ఉంచుకో" అన్నాడు.

ఆ కాలక్షేపం కాస్తా పిచ్చిలోకి దిగింది. నీళ్ల ట్యాంకుల వెనక మోకాలెత్తు గడ్డి మైదానం ఉంది చూడు, రోజూ తెల్లారగానే అక్కడికి పోతున్నా. బ్యాక్‌గ్రౌండ్ తెర నేల మీద పరిచి, దాని మీద బోర్లా పడుకుని పురుగుల్ని ఫొటోలు తీస్తున్నా. నవ్వకు. గడ్డి కాడలకి తలకిందులుగా అతుక్కుని, రెక్కలు ఒంటికి చుట్టుకుని పడుకునే చిన్న చిన్న చిమ్మటలు, సీతాకోకచిలుకలకి చుట్టాలు. గోరంత కూడా ఉండవు. ఎండ తగలకముందు చలికి కదలవు, అదే మన అదృష్టం. ఎండెక్కిందా, కాలు కదిపితే చాలు, రెండడుగుల దూరం ఎగిరి ఇంకో కాడకి అవతలి వైపు దాక్కుంటాయి. నేను ఇటు తిరిగితే అవి అటు తిరుగుతాయి. నీ చిన్నప్పుడు నీకు స్నానం చేయించడం గుర్తొచ్చింది.

లెన్సుని తిరగేసి, ఒక రింగుతో బిగించాను. అలా బిగిస్తే దూరానివి కనిపించవు గానీ దగ్గరివి కొండంతవుతాయి. గోరంతని కొండంత చేస్తానని మీ బావగారు బతికున్నన్నాళ్లూ నన్ను ఆడిపోసుకున్నారు, ఇప్పుడదే నా వృత్తి. ఫ్లాష్‌కి తెల్ల ప్లాస్టిక్ గిన్నె తొడిగాను, వెలుగు మెత్తగా పడుతుంది. ఊపిరి పీలిస్తే ఫోకస్ పోతుంది, వదిలితే పోతుంది. కాబట్టి బిగబట్టి నొక్కడమే. ట్యాంకుల వాచ్‌మన్ నాలుగు రోజులు చూసి, "ఏం పారేసుకున్నారమ్మా? నేను కూడా వెతకనా?" అని అడిగాడు, పాపం.

బాగా వచ్చినవి అయిదు ప్రింట్లు పంపుతున్నా. నువ్వు మ్యూజియంలో లేబుళ్లు రాస్తూ పురుగులతోనే కాపురం చేసే మనిషివి, వాటి పేర్లేమిటో రాయి. నువ్వు పెదవి విరిస్తే నాకు కనిపించదు, అది కూడా ఉత్తరాల్లో ఉన్న సుఖమే.

అక్క

~

మ్యూజియం, కీటకాల విభాగం, కింది అంతస్తు,
గురువారం

అక్కా,

పెదవి విరవలేదు. కుర్చీలోంచి లేచాను. లేచిన ఊపుకి గుండుసూదుల డబ్బా తిరగబడి, అరగంట నేల మీద పాకి ఏరుకున్నాను. పక్క టేబుల్ ఆయన "ఏమైంది?" అంటే "మా అక్క" అన్నాను.

ఒకటి, రెండు, నాలుగు, అయిదు మామూలువి. పేర్లు వెనక రాసి పంపుతున్నా. మూడోది ఎక్కడ తీశావు? ఆ మైదానంలో ఏ మూల? ఎన్ని కనిపించాయి? ఈ ప్రశ్నలకి జవాబిచ్చాకే అన్నం తిను.

ఎందుకో చెప్తాను. గడ్డిలో విరివిగా దొరికే చిమ్మట ఒకటుంది, ఎండుగడ్డి రంగు, ముందురెక్క మీద నల్ల చుక్క. దాన్ని చుక్కది అంటాం. అచ్చం దానిలాంటిదే, చుక్క లేనిది ఇంకొకటి ఉందని అరవై ఏళ్ల కిందట ఒక పెద్దాయన రాశాడు. ఆయన పట్టినవి మూడు, మా దగ్గర ఒక పెట్టెలో ఎండిపోయి ఉన్నాయి. ఆ తర్వాత దాన్ని బతికుండగా చూసినవాడు లేడు. మా విభాగం పెద్దసారు గడ్డి చిమ్మటల మీద పుస్తకం చేస్తున్నారని చెప్పాను కదా. ప్రతి పేజీకీ బతికున్న పురుగు ఫొటో ఉంటుంది. ఒక్క పేజీలో మాత్రం ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి. ఆ గడి దీనిదే.

నీ మూడో ఫొటోలో రెక్క శుభ్రంగా ఉంది. చుక్క లేదు. భూతద్దం పెట్టి పదకొండుసార్లు చూశాను.

ఇంకా తీయి. ఎవరికీ చూపించకు. వాచ్‌మన్‌కి కూడా.

తమ్ముడు

~

స్టూడియో మీది గది,
తర్వాతి వారం, ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి సంతోషించాను. మూడోది ట్యాంకుల వెనక, కంచె మూలలో తీశాను. ఆరేడు కనిపించాయి.

ఈ వారం ముసురు పట్టింది, ఫొటోలు తీయలేదు. ఒక మాట అడుగుతా, నా తెలివితక్కువతనం అనుకో. చుక్క ఉండటం, లేకపోవడం అంత పెద్ద విషయమా? మనుషుల్లో ఒకరికి పుట్టుమచ్చ ఉంటుంది, ఒకరికి ఉండదు. అంతమాత్రాన జాతి మారిపోతుందా?

ఆ ఫొటో ఇంకా ఎవరికీ చూపించలేదు కదా? చూపించకు. తొందరేముంది. బాగా తిను, ఆ కింది అంతస్తు చెమ్మలో చెవులకి ఏదైనా కప్పుకో.

అక్క

~

కీటకాల విభాగం,
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం రాకముందే చూపించేశాను!

పెద్దసారు ఫొటో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. తర్వాత ఆయన తన కుర్చీ నా వైపు జరిపి "కూర్చోండి" అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో నేను నిలబడి మాట్లాడటమే గానీ కూర్చున్నది లేదు.

మూడు వారాల్లో వార్షిక సమావేశం. అన్ని మ్యూజియంల నుంచీ వస్తారు. కార్యక్రమం కాగితం అచ్చయింది. అందులో "అరవై ఏళ్ల తర్వాత తిరిగి కనిపించిన గడ్డి చిమ్మట" అనే అంశం పక్కన నా పేరుంది. వేదిక ఎక్కి నేనే చెప్పాలట. అక్కా, ఈ మ్యూజియంలో నలభై వేల లేబుళ్లు నా చేతి రాత. లేబుల్ మీద పురుగు పేరుంటుంది, పట్టినవాడి పేరుంటుంది. రాసినవాడి పేరు ఉండదు. మీ మరదలు ఆ కాగితాన్ని బీరువా తలుపుకి అంటించింది. వచ్చినవాళ్లందరికీ బీరువా చూపిస్తోంది.

కొత్త చొక్కా కుట్టించుకున్నాను. లేత నీలం.

చుక్క పెద్ద విషయమా అని అడిగావు. ఉన్న విషయమంతా అదే.

తమ్ముడు

~

స్టూడియో మీది గది,
శనివారం పొద్దున

తమ్ముడూ,

కూర్చుని చదువు. మరదలు పక్కన ఉంటే ఇంకా మంచిది.

ఆ చుక్క ఉంది. నేను తుడిచేశాను.

కావాలని చేసింది కాదు. ముప్పై ఏళ్లు నా పని ఏమిటి? టచింగ్. ఫొటోల్లో మొటిమలు, మచ్చలు, కంటి కింద నలుపు తుడవడం. ఫొటో కంప్యూటర్లో తెరవగానే నా చెయ్యి మచ్చలు తుడిచే బ్రష్షు మీదికి దానంతటదే పోతుంది, మనసుతో పని లేదు. అయిదు ఫొటోలూ ప్రింటు వేసేముందు అలాగే శుభ్రం చేశాను. రెక్క మీద ధూళి పడిందనుకున్నానో, ఏమీ అనుకోలేదో, అది కూడా గుర్తు లేదు. అలవాట్లో పొరపాటు. ఒకసారి ఒక లారీ డ్రైవరు పాస్‌పోర్టు ఫొటోలో గడ్డం మీద శనగగింజంత పుట్టుమచ్చ తీసేశాను. ఆఫీసువాళ్లు "ఇది నువ్వు కాదు పో" అన్నారట. మనిషి తిరిగొచ్చి కౌంటర్ ముందు నిలబడి "నా మచ్చ నాకిచ్చేయండి మేడమ్" అన్నాడు. ఆ రోజు స్టూడియో అంతా నవ్వాం. ఇవాళ నవ్వు రావడం లేదు.

అసలు దోషం ఇది కాదు. నీ మొదటి జవాబు చదివిన రోజే నేను కంప్యూటర్ తెరిచి అసలు ఫొటో చూశాను. చుక్క కనిపించింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. "కుర్చీలోంచి లేచాను" అని రాశావు కదా, నిన్ను మళ్లీ కూలబెట్టడానికి మనసొప్పలేదు. ముసురు పట్టిందన్నది కూడా అబద్ధం, వారమంతా ఎండ కాసింది. నేనే మంచం దిగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నా.

చెయ్యి పెట్టకముందువి, కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టు, నాలుగు వందల పన్నెండు ఫొటోలూ ఈ మెమరీ కార్డులో ఉన్నాయి. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. నన్ను తిట్టాలనుకుంటే ఫోన్ చెయ్యి, ఈ ఒక్కసారికి నియమం సడలిద్దాం.

అక్క

~

కీటకాల విభాగం,
మంగళవారం

గౌరవనీయులైన అక్కగారికి,

తమరి ఉత్తరం అందింది. కార్డు కూడా అందింది. తెరవలేదు. చుక్క ఉంటే అది మామూలు చిమ్మట. మా దగ్గర అవి మూడు వందలున్నాయి.

పెద్దసారు వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం ప్రయాణం నుంచి వస్తారు. రాగానే చెప్పేస్తాను. తర్వాత నలుగురిలో ఎలా తలెత్తుకోవాలో ఆలోచిస్తాను. కాగితం బీరువా మీద నుంచి పీకేశాను. చొక్కా మీ మరదలు దాచింది.

ఫొటోలు ఇక పంపనవసరం లేదు.

ఇట్లు,
కీటకాల విభాగం సహాయకుడు

~

స్టూడియో మీది గది,
మరుసటి వారం, శుక్రవారం

ఒరేయ్ సహాయకుడా,

క్షమాపణ అడగాల్సినంత అడిగాను. పోయిన ఉత్తరం మళ్లీ చదువుకో, అందులో కావాల్సినంత ఉంది. ఇది వేరే ఉత్తరం.

నీ "తమరు" చూసి ఒక పూట ఏడ్చాను. రెండో పూట కోపం వచ్చింది. మూడో పూట కెమెరా తీసుకుని గడ్డిలోకి పోయాను. నాలుగు రోజులు వరసగా పోయాను. నువ్వు చెప్పిన మామూలు చుక్కదాన్ని కూడా వెతికి పట్టుకున్నా. అది మైదానమంతా ఉంది. నాది కంచె మూలలో మాత్రమే ఉంది. రెండింటినీ ఎదురుగా, మొహం మీద ఫోకస్ పెట్టి తీశాను. ఒక మంచి ఫొటోకి డెబ్బై చెడిపోయాయి. మోచేతులు రెండూ కొట్టుకుపోయాయి, అది నీకు తెలియాలని రాస్తున్నా.

మీరంతా రెక్కలు చూస్తారు. నేను ముప్పై ఏళ్లు మొహాలు చూసినదాన్ని. కవలపిల్లలు ఫొటోకి వస్తే వాళ్ల అమ్మ కంటే ముందు నేను పోల్చేదాన్ని. చెప్తున్నా విను. ఇవి రెండూ ఒకటి కావు. చుక్కదాని నుదురు గుండ్రంగా, నున్నగా ఉంది. నాదానికి రెండు కళ్ల మధ్య నుదుటి మీద చిన్న మొన పొడుచుకొచ్చింది, పెన్సిల్ చెక్కినట్టు. పదహారు చిమ్మటల్ని చూశాను, పదహారింటికీ ఉంది.

చుక్క సంగతి కూడా విను. చుక్కదాని చుక్క నలుపు, మసిలా ఉంటుంది. నాదానిది నలుపు కాదు, వెండి. వెలుగు ఒక వైపు నుంచి పడితే మెరుస్తుంది, ఇంకో వైపు నుంచి పడితే చీకటిగా కనిపిస్తుంది. నువ్వు కార్డు తెరిచి ఉంటే నీకే తెలిసేది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటోంది అనుకుంటావేమో. అనుకో. కానీ సోమవారం పెద్దసారు దగ్గర తల వంచుకునే ముందు ఒక్క పని చెయ్యి. ఆ అరవై ఏళ్ల పెట్టె తీసి, చచ్చినదాని మొహం చూడు. నుదురు నున్నగా ఉంటే నేను జన్మలో కెమెరా పట్టను, నువ్వు ఎలా రాసినా పడతాను.

పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని, కొత్త ఫొటోలతో సహా కొరియర్లో పంపుతున్నా.

అక్కే

~

ఇంటి నుంచి,
సమావేశం అయిన మర్నాడు

అక్కా, అక్కా,

ఎక్కడ మొదలెట్టాలో తెలియడం లేదు. సోమవారం నుంచి మొదలెడతాను.

పొద్దున నీ కవరు వచ్చింది. చదివి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని పెద్దసారు గదికి వెళ్లాను. ముందు తప్పు చెప్పాను, పూర్తిగా, దాచకుండా. ఆయన మొహం రాయిలా అయిపోయింది. పెన్ను తీసి కార్యక్రమం కాగితం మీద నా పేరు దగ్గర పెట్టారు. "సార్, కొట్టేయండి. కానీ ముందు ఒక్కసారి పెట్టె తీసి దాని మొహం చూద్దాం" అన్నాను.

"మొహమా?" అన్నారు.

"మా అక్క చూడమంది సార్."

అక్కా, ఇరవై రెండేళ్లుగా ఆ పెట్టె దుమ్ము తుడుస్తున్నాను. ఆ మూడింటినీ ఎప్పుడూ పైనుంచే చూశాను, రెక్కలు పరిచి సూది గుచ్చిన వైపు నుంచి. తల కిందికి ఉంటుంది, దాని ముందు ముట్టెలా సాగిన రోమాలు అడ్డం. మొదటిదాన్ని వంచి మైక్రోస్కోప్ కింద పెట్టి, సన్న కుంచెతో రోమాలు పక్కకి తీశాను. నుదుటి మీద మొన ఉంది. రెండోదానికి ఉంది. మూడోదానికి ఉంది. చుక్కదాన్ని పెట్టాను, నున్నగా ఉంది.

పెద్దసారు నన్ను జరిపి తానే కూర్చున్నారు. రెక్కల మీదికి వెళ్లారు. చుక్క ఉండాల్సిన చోట మొదటి రెండింటికీ రెక్క మీది పొడి రాలిపోయి కింది పొర కనిపిస్తోంది. మూడోదానికి ఆ చోట మూడంటే మూడు రేణువులు మిగిలి ఉన్నాయి. దీపం పక్కకి తిప్పారు. మెరిశాయి. వెండి!

ఆ పెద్దాయన రాసింది తప్పని అరవై ఏళ్లుగా ఎవరికీ తెలియలేదు. ఆయన చూసినవి అప్పటికే రెక్కలు అరిగిపోయినవి. చుక్క లేదు అని రాశాడు, మేమంతా చుక్క లేనిదాని కోసం వెతుకుతూ కూర్చున్నాం. ఎదురుగా కనిపించినా చుక్క ఉంది కదా అని వదిలేసి ఉంటాం. కాలం ఆ మూడింటికీ చేసిన పనే నువ్వు బ్రష్షుతో చేశావు. నువ్వు తుడవకపోతే నేను ఆ ఫొటోని మామూలుదని రాసి పక్కన పడేసేవాణ్ని, ఒట్టు.

పెద్దసారు రెండు రోజులు నమ్మలేదు. కార్డులోని నాలుగు వందల పన్నెండు ఫొటోలూ, కొత్తవీ ఒక్కొక్కటే చూశారు. మూడో రోజు "ఇది అదే. మీరే చెప్పండి, మొత్తం చెప్పండి" అన్నారు.

మొత్తం చెప్పాను. హాలు నిండా జనం. "మా అక్క ముప్పై ఏళ్లు ఫొటో స్టూడియోలో టచింగ్ చేసింది. చుక్క కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు" అని మొదలెట్టాను. ఘొల్లున నవ్వారు. లారీ డ్రైవరు కథ కూడా చెప్పాను, ఇంకా నవ్వారు. అప్పుడు నీ ఫొటో వేశాను. గోడంత మొహం, అక్కా. రెండు పచ్చటి కళ్లు, మధ్యలో ఆ మొన, కళ్ల మీద మంచు బిందువులు. నవ్వు ఆగిపోయింది. తర్వాత పెట్టెలోని చచ్చినదాని నుదురు పక్కన వేశాను. తర్వాత మూడు వెండి రేణువులు. ముందు వరసలో తెల్లజుట్టు ఆవిడ ఒకరు, ఈ చిమ్మటల మీద జీవితమంతా పనిచేసినావిడ, లేచి నిలబడ్డారు. "నేను ముప్పై ఏళ్లు చుక్క లేనిదాన్ని వెతికాను" అని చప్పట్లు మొదలెట్టారు. హాలంతా లేచింది. చివరికి పెద్దసారు కూడా లేచారు. నేను ఏడ్చాను. మైకు ముందే ఏడ్చాను. సిగ్గు వేయలేదు.

నీకు అలా రాసినందుకు మాత్రం సిగ్గుగా ఉంది. "తమరు" అనే మాటని నా నిఘంటువులోంచి తీసేశాను.

ఇంకొకటి. పుస్తకంలో ఆ గడిలో నీ ఫొటో వస్తోంది. మిగతా అరవై ఒక్క చిమ్మటలకి కూడా మొహాలు కావాలట. ఇప్పటిదాకా పెట్టినవన్నీ రెక్కల ఫొటోలే అని పెద్దసారుకి ఇప్పుడు అసంతృప్తి పట్టుకుంది. అవన్నీ నువ్వే తీయాలని అడగమన్నారు. అచ్చుకి ముందు పేజీ పంపుతున్నాం. ఫొటో కింద పేరు ఎలా వేయాలో నువ్వే రాసి పంపాలి.

నీ తమ్ముడు

~

స్టూడియో మీది గది,
గడ్డి కోతకొచ్చిన వారం

నా బంగారు లేబులూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి వాచ్‌మన్‌కి వినిపించాను. "అయితే పారేసుకుంది దొరికిందన్నమాట" అన్నాడు. దొరికిందయ్యా అన్నాను.

పెద్దసారుకి చెప్పు, అరవై ఒకటీ తీస్తాను. రెండు షరతులు. కంచె మూలలో గడ్డి కొయ్యకూడదు, ఆ మేరకు నీళ్ల శాఖకి ఆయన చేత ఉత్తరం రాయించు. రెండోది, నాతోపాటు ఆదివారాలు నువ్వు రావాలి. నువ్వు చూసినవన్నీ సూదికి గుచ్చినవే, బతికున్నవాటి పేర్లు నేను ఎవర్ని అడగను?

పేజీ వచ్చింది. పేరు ఎలా వేయాలో రాయమన్నావు. కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తమ్ముడూ, నేను ఎన్ని వేల ఫొటోలకి చెయ్యి పెట్టానో లెక్క లేదు. పెళ్లిళ్లవి, పాస్‌పోర్టులవి, పోయినవాళ్లవి. ఒక్కదాని కింద కూడా నా పేరు లేదు. టచింగ్ బాగా చేయడమంటే ఎవరో చేశారని తెలియకుండా చేయడం. నేను బాగా చేసేదాన్ని. దాన్ని గురించి ఎన్నడూ బాధపడలేదనుకున్నాను. బాధపడ్డానని ఆ ఖాళీ గీత చూశాకే తెలిసింది.

పూర్తి పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. మూడుసార్లు రాసి, బాగా వచ్చినది పంపుతున్నా.

నిన్న కిందికి వెళ్లి స్టూడియో షట్టర్ పైకెత్తాను. వీధి వైపు అద్దాల బీరువా ఉంది కదా, ఊళ్లో అందమైన మొహాలన్నీ ఏరి పెట్టేవాళ్లం. ఎండకి వెలిసిపోయిన పెళ్లికూతుళ్లని తీసి లోపల పెట్టి, చిమ్మట మొహాన్ని నిలువెత్తున ప్రింటు వేసి నిలబెట్టాను. పొద్దుటి నుంచి జనం ఆగి చూస్తున్నారు. సైకిళ్లు కూడా ఆగుతున్నాయి. సాయంత్రం ఓనరు అటుగా వెళ్తూ ఆగి, కళ్లజోడు పెట్టుకుని, "ఎవరమ్మా ఈవిడ? కళ బాగుంది. ఎవరు తీశారు?" అన్నాడు.

కింద చదవండి అన్నాను. పెద్దక్షరాల్లోనే రాశాను.

అక్క